సున్నా అంటే అబద్ధం

తప్పా ఒప్పా అని ప్రశ్న వస్తే మనం టిక్కు పెడతాం. కంప్యూటర్‌కి టిక్కు తెలవదు, అంకెలే తెలుసు. డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో తయారుచేసిన సి భాషలో సున్నా అంటే అబద్ధం. సున్నా కానిది ఏదైనా నిజమే. 1 నిజం, 7 నిజం, మైనస్ 3 కూడా నిజమే.

అందుకని "1కి సమానమా?" అని అడగకూడదు. 7 వస్తే, నిజమే అయినా కాదు అంటది. "సున్నా కాదు కదా?" అని అడగాలి.

రెండు పదాలను పోల్చే స్ట్రింగ్ కంపేర్ ఇంకా తమాషా. పదాలు ఒకటే అయితే తేడా లేదని సున్నా ఇస్తది. దాన్ని అలాగే ఇఫ్‌లో పెడితే తప్పు పాస్‌వర్డ్‌కే తలుపు తెరుచుకుంటది! పక్కన "సున్నాకి సమానమా" అని తప్పక రాయాలి.

సమానం గుర్తు రెండు పెడితే పోల్చడం, ఒకటే పెడితే విలువ వేయడం. 2003 నవంబరులో ఎవరో లైనక్స్ కోడ్ నకలులో దొంగచాటుగా ఒకటే పెట్టారు. వాడేవారి నంబరు సున్నాయేనా అని అడిగినట్టు కనిపిస్తది, కానీ సున్నా చేసేస్తది. సున్నా నంబరుకి కంప్యూటర్ మొత్తం మీద పెత్తనం ఉంటది. అసలు కోడ్‌తో సరిచూసినవాళ్ళు పట్టేశారు.

కాబట్టి దేన్ని దేనితో పోలుస్తున్నామో పూర్తిగా రాద్దాం. చదివేవాళ్ళకి అనుమానం మిగలకూడదు.

— 9వ తరగతి విద్యార్థిని