పాఠం 7: పరుగు శిక్షణ - వయసు, సామర్థ్యం

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 సామాన్యుల పరుగు: నేపథ్యం
7.3 శిక్షణకు శరీరం స్పందించే తీరు
7.4 శ్రమను, శిక్షణ భారాన్ని కొలవడం
7.5 వయసును బట్టి శిక్షణ
7.6 సామర్థ్యాన్ని బట్టి శిక్షణ
7.7 ఎనిమిది వారాల నమూనా ప్రణాళిక
7.8 జాగ్రత్తలు
7.9 సారాంశం
7.10 కీలక పదాలు
7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• శిక్షణకు గుండె, కండరాలు, ఎముకలు ఒకే వేగంతో ఎందుకు అలవాటుపడవో వివరించగలుగుతారు.
• శిక్షణ భారాన్ని నిర్వచించి, ఒక వారం భారాన్ని లెక్కించగలుగుతారు.
• వయసు, ఆరోగ్యం, సామర్థ్యాలను బట్టి పరుగు ప్రణాళికను మార్చుకోగలుగుతారు.
• పరుగు ఆపి వైద్య సహాయం పొందవలసిన సందర్భాలను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

ఉదయాన్నే ఊరి కళాశాల మైదానానికి వెళ్తే మీకు పలు రకాల వారు కనిపిస్తారు. పోలీసు ఉద్యోగానికి సిద్ధమవుతున్న యువకుడు 1600 మీటర్ల పరుగును సాధన చేస్తుంటాడు. నలభై దాటిన గృహిణి బరువు తగ్గాలని వస్తుంది. పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయుడు డాక్టరు సలహా మేరకు నడుస్తూ, మధ్యమధ్య కొంత దూరం పరుగెత్తుతాడు. మైదానం ఒకటే, చుట్టు కూడా 400 మీటర్లే. కాని ఆ చుట్టు ముగ్గురి శరీరాల మీద మోపే శ్రమ ఒకటి కాదు.

చాలామంది ఈ తేడాను గుర్తించరు. పక్కవారి వేగాన్ని చూసి పరుగెత్తుతారు. మూడు, నాలుగు వారాల్లో మోకాలి కింద ఎముక నొప్పితోనో, మడమ నొప్పితోనో ఆగిపోతారు. ఉద్యోగ పరీక్షకు సిద్ధమవుతున్న వారికి అలా పోయిన నెల తిరిగి రాదు. అందువల్ల “ఎంత దూరం పరుగెత్తాలి?” అనే ప్రశ్న కన్నా “ఈ దూరం నాకు ఎంత శ్రమ?” అనే ప్రశ్న ముఖ్యమైనది. ఈ పాఠానికి మూలం ఆ రెండవ ప్రశ్నే.

7.2 సామాన్యుల పరుగు: నేపథ్యం

ఇరవయ్యవ శతాబ్దం మధ్య వరకు దూర పరుగు ప్రధానంగా యువ క్రీడాకారుల వ్యవహారంగా ఉండేది. న్యూజిలాండ్‌కు చెందిన శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ ఈ అభిప్రాయాన్ని మార్చినవారిలో ముఖ్యుడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో స్వర్ణ పతకాలు గెలిచారు. ఆ తరువాత ఆయన ఆక్లాండ్‌లో మధ్యవయస్కులను, గుండె జబ్బు నుంచి కోలుకున్నవారిని కూడా నెమ్మది పరుగుకు ప్రోత్సహించాడు. అమెరికా శిక్షకుడు బిల్ బోవర్‌మన్ అక్కడికి వెళ్లి వారితో కలిసి పరుగెత్తినప్పుడు, డెబ్బై ఏళ్లు దాటిన ఒక వృద్ధునితో సమానంగా సాగలేకపోయాడు. స్వదేశానికి తిరిగి వెళ్లాక ఆయన ఒక హృద్రోగ నిపుణుడితో కలిసి జాగింగ్ మీద పుస్తకం రాశాడు.

మహిళలకు ఈ దారి ఆలస్యంగా తెరుచుకుంది. బాస్టన్ మారథాన్‌ను 1966లో బాబీ గిబ్ అధికారిక నంబరు లేకుండానే పూర్తి చేసింది. ఆ పోటీలో మహిళలకు అధికారిక ప్రవేశం 1972లో లభించింది. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984లో మాత్రమే మొదలైంది. నేడు హైదరాబాద్, విశాఖపట్నం నగరాల్లో జరిగే మారథాన్లలో అన్ని వయసుల స్త్రీ పురుషులు పాల్గొంటున్నారు.

7.3 శిక్షణకు శరీరం స్పందించే తీరు

పరుగెత్తుతున్నప్పుడు శరీరం బలపడదు, అలసిపోతుంది. బలపడేది ఆ తరువాత లభించే విశ్రాంతిలో, నిద్రలో, ఆహారంతో. శ్రమ, విశ్రాంతి, అలవాటుపడటం అనే ఈ మూడు దశలూ క్రమంగా జరిగితేనే సామర్థ్యం పెరుగుతుంది. రెండవ దశను తొలగిస్తే మూడవది జరగదు.

అయితే శరీరంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో అలవాటుపడవు. క్రమంగా పరుగెత్తేవారిలో కొద్ది వారాల్లోనే రక్త పరిమాణం పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం పెరుగుతుంది. దీనివల్ల ఆయాసం తగ్గుతుంది. కండరాలు కూడా కొన్ని వారాల్లో బలపడతాయి. కండరాన్ని ఎముకతో కలిపే టెండాన్లకు, ఎముకలకు మాత్రం నెలలు పడుతుంది. టెండాన్లకు రక్త ప్రసరణ తక్కువ. ఎముకలో పాత కణజాలం తొలగి కొత్తది గట్టిపడటం నెమ్మదిగా సాగే పని.

ఈ తేడాను మీరు బాగా గుర్తుంచుకోవాలి. నాలుగవ వారానికి మీకు ఊపిరి చక్కగా ఆడుతుంది, ఉత్సాహం పెరుగుతుంది, ఇంకా వేగంగా వెళ్లగలననిపిస్తుంది. అది నిజమే, గుండె సిద్ధంగా ఉంది. కాని మోకాలి కింద ఎముక, మడమ వెనుక టెండాన్ ఇంకా సిద్ధంగా లేవు. కొత్తగా మొదలుపెట్టినవారు తొలి నెలల్లో గాయపడటానికి ఇది ఒక ప్రధాన కారణం. కనుక దూరాన్ని, వేగాన్ని ఒకే వారంలో పెంచకండి. ముందు రోజుల సంఖ్య, తరువాత సమయం, చివరగా వేగం పెంచండి.

7.4 శ్రమను, శిక్షణ భారాన్ని కొలవడం

శ్రమను కొలవడానికి మూడు పద్ధతులున్నాయి.

(అ) మాట పరీక్ష: పరుగెత్తుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది తేలిక పరుగు. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే అది కష్టమైన పరుగు. దీనికి ఏ పరికరమూ అవసరం లేదు.

(ఆ) గుండె వేగం: గరిష్ఠ గుండె వేగాన్ని అంచనా వేయడానికి 220 నుంచి వయసును తీసివేయడం వాడుకలో ఉన్న సూత్రం. వయసును 0.7తో గుణించి, ఆ ఫలితాన్ని 208 నుంచి తీసివేయడం మరో సూత్రం. 20 ఏళ్ల వారికి మొదటి సూత్రం ప్రకారం 200, రెండవ దాని ప్రకారం 194 వస్తుంది. 40 ఏళ్ల వారికి రెండింటిలోనూ 180 వస్తుంది. 60 ఏళ్ల వారికి 160, 166 వస్తాయి. ఇవి సగటు అంచనాలు మాత్రమే. ఒకే వయసువారిలో కూడా నిమిషానికి పది, అంతకు మించి తేడా ఉండవచ్చు. కాబట్టి చేతి గడియారం చూపే అంకె కన్నా మాట పరీక్షకే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి.

(ఇ) శ్రమ అంకె: పరుగు పూర్తయ్యాక “ఎంత కష్టమనిపించింది?” అని ప్రశ్నించుకొని 0 నుంచి 10 వరకు ఒక అంకె వేసుకోండి. 2 లేదా 3 అంటే తేలిక, 5 అంటే ఒక మోస్తరు కష్టం, 8 అంటే చాలా కష్టం, 10 అంటే పూర్తి శక్తి వినియోగం.

ఈ అంకెను సమయంతో గుణిస్తే శిక్షణ భారం వస్తుంది.

శిక్షణ భారం = పరుగు సమయం (నిమిషాల్లో) × శ్రమ అంకె

ఉదాహరణ: అలవాటున్న 20 ఏళ్ల విద్యార్థి 5 కిలోమీటర్లను 30 నిమిషాల్లో తేలికగా పూర్తి చేశాడనుకోండి. శ్రమ అంకె 3 అయితే భారం 90. అదే దూరాన్ని కొత్తగా మొదలుపెట్టిన 60 ఏళ్ల వ్యక్తి 45 నిమిషాల్లో, 6 అంకె శ్రమతో పూర్తి చేస్తే భారం 270. దూరం ఒకటే అయినా భారం మూడు రెట్లు. వీరిద్దరూ ఒకే ప్రణాళికను అనుసరించడం ఎందుకు తగదో ఈ లెక్క చెబుతుంది.

సాధారణంగా వారంలోని పరుగు సమయంలో ఐదింట నాలుగు వంతులు తేలికగా, మిగిలిన ఒక వంతు మాత్రమే కష్టంగా ఉండేలా చూసుకోవడం మంచిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ఒక అభ్యాసకురాలు వారంలో 3 రోజులు 40 నిమిషాల చొప్పున 3 అంకె శ్రమతో, ఒక రోజు 25 నిమిషాలు 8 అంకె శ్రమతో పరుగెత్తింది. ఆమె వారం శిక్షణ భారం ఎంత?
2. ఆమె మొత్తం సమయంలో తేలిక పరుగు ఎంత శాతం?

7.5 వయసును బట్టి శిక్షణ

బాలలు, కౌమారులు: 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ వయసులో ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి. అందువల్ల ఒకే రకమైన సుదూర పరుగు కన్నా కబడ్డీ, ఖోఖో వంటి రకరకాల ఆటలు మేలు.

18 నుంచి 35 ఏళ్ల వారు: వీరు అలసట నుంచి త్వరగా తేరుకుంటారు. అందుకే విశ్రాంతిని నిర్లక్ష్యం చేసేది కూడా ఎక్కువగా వీరే. మీరు నియామక పరీక్షకు సిద్ధమవుతుంటే దూరం, గడువు మీ నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఉదాహరణకు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పూర్తి చేయాలంటే ఒక్కో 400 మీటర్ల చుట్టుకు 2 నిమిషాలు పడాలి. ప్రతిరోజూ 1600 మీటర్లను పూర్తి వేగంతో పరుగెత్తడం సరైన సాధన కాదు. వారంలో మూడు రోజులు తేలిక పరుగు చేయండి. కనీసం రెండు నెలలు ఇలా చేశాక, ఒక రోజు 4 చుట్లు ఒక్కొక్కటి 2 నిమిషాల్లో, మధ్యలో 2 నిమిషాల నడకతో పూర్తి చేయండి. తరువాతి వారాల్లో నడక సమయాన్ని తగ్గించి, రెండేసి చుట్లను కలపండి. అంటే పరీక్షకు నాలుగు వారాల ముందు కాదు, నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి.

35 నుంచి 60 ఏళ్ల వారు: వ్యాయామం లేని పెద్దల్లో శరీరం ఆక్సిజన్‌ను వినియోగించుకునే గరిష్ఠ శక్తి దశాబ్దానికి సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది. క్రమంగా శిక్షణ చేసేవారిలో ఈ తగ్గుదల నెమ్మదిగా ఉంటుంది. ఈ వయసులో కష్టమైన పరుగు తరువాత రెండు రోజుల విరామం అవసరం కావచ్చు. వారానికి రెండు రోజులు గుంజీలు, మడమలు పైకెత్తడం వంటి కండర వ్యాయామాలు చేర్చండి.

60 దాటినవారు: పరుగుకు గరిష్ఠ వయసు అంటూ లేదు. కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ 2004లో 73 ఏళ్ల వయసులో 42.195 కిలోమీటర్ల మారథాన్‌ను 2 గంటల 55 నిమిషాల లోపే పూర్తి చేశాడు. పంజాబ్‌లో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన ఫౌజా సింగ్ 89వ ఏట, 2000లో, లండన్‌లో తొలి మారథాన్ పూర్తి చేశాడు. 2011లో నూరేళ్ల వయసులో టొరంటో మారథాన్ పూర్తి చేశాడు. జనన ధ్రువపత్రం లేనందున గిన్నిస్ సంస్థ దాన్ని రికార్డుగా గుర్తించలేదు. ఇవి అందరికీ లక్ష్యాలు కావు, సాధ్యాసాధ్యాలకు ఉదాహరణలు మాత్రమే. ఈ వయసువారికి కింద పడటం పెద్ద ప్రమాదం. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు శరీర సమతుల్యాన్ని పెంచే వ్యాయామాలు చేయాలి.

7.6 సామర్థ్యాన్ని బట్టి శిక్షణ

మధుమేహం ఉన్నవారు: ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారికి పరుగు సమయంలో చక్కెర స్థాయి పడిపోవచ్చు. డాక్టరు సలహాతో మొదలుపెట్టి, జేబులో గ్లూకోజ్ లేదా చక్కెర ఉంచుకోండి.

రక్తహీనత ఉన్నవారు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మీరు క్రమంగా సాధన చేస్తున్నా ఆయాసం తగ్గకపోతే దాన్ని “బద్ధకం” అనుకోవద్దు. హీమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. శిక్షణ పెరిగాక నెలసరి ఆగిపోతే, అది ఆహారం చాలడం లేదనడానికి గుర్తు కావచ్చు. ఇతర కారణాలూ ఉండవచ్చు కనుక వైద్యురాలిని కలవండి.

దివ్యాంగులు: పారా అథ్లెటిక్స్‌లో పూర్తిగా చూపు లేనివారు చేతికి కట్టిన పట్టీ సాయంతో తోడు పరుగరితో కలిసి పరుగెత్తుతారు. మేధో వైకల్యం గలవారికి టి20 విభాగం ఉంది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవన్‌జీ దీప్తి ఈ విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తి చేసి, 2024లో కోబెలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. శిక్షణ సూత్రాలు అందరికీ ఒకటే. మారేది ప్రారంభ స్థానం, అవసరమైన తోడ్పాటు.

7.7 ఎనిమిది వారాల నమూనా ప్రణాళిక

ఇది ఎప్పుడూ పరుగెత్తనివారి కోసం. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయాలి. ముందు, తరువాత 5 నిమిషాల చొప్పున నడవాలి.

• 1, 2 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 8 సార్లు.
• 3, 4 వారాలు: 2 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, 6 సార్లు.
• 5, 6 వారాలు: 4 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, 4 సార్లు.
• 7, 8 వారాలు: 7 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, 3 సార్లు.

అన్ని వారాల్లోనూ మొత్తం సమయం 24 నిమిషాలే అని గమనించండి. అందులో పరుగు వంతు 8, 12, 16, 21 నిమిషాలుగా పెరుగుతుంది. ఏ దశలోనైనా మాట పరీక్షలో నెగ్గకపోతే లేదా మరునాటికీ నొప్పి మిగిలితే ఆ దశనే మరో రెండు వారాలు కొనసాగించండి. అరవై దాటినవారు ఒక్కో దశకు నాలుగు వారాలు తీసుకున్నా నష్టం లేదు.

7.8 జాగ్రత్తలు

ఎండ: శరీరం వేడికి అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. వేసవిలో సూర్యోదయానికి ముందే సాధన ముగించండి, వేగం తగ్గించండి. దాహాన్ని బట్టి నీరు తాగండి. అతిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా తగ్గవచ్చు. ఎండలో పరుగెత్తుతున్న వ్యక్తి తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే వడదెబ్బగా భావించండి. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడుపుతూ, 108కి ఫోన్ చేయండి.

నొప్పి: కండరమంతటా వ్యాపించి రెండు రోజుల్లో తగ్గే నొప్పి సహజం. ఎముక మీద వేలితో చూపగలిగే ఒకే చోట నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి గాయానికి సూచనలు. అప్పుడు పరుగు ఆపి డాక్టరును కలవండి.

గుండె: ఛాతీలో నొప్పి లేదా బిగుతు, స్పృహ తప్పినట్లు అనిపించడం, ఎన్నడూ లేనంత ఆయాసం కనిపిస్తే వెంటనే ఆగి వైద్య సహాయం పొందండి. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు, బాలింతలు వైద్య సలహా తరువాతే మొదలుపెట్టాలి.

7.9 సారాంశం

పరుగు అన్ని వయసుల వారికి అందుబాటులో ఉన్న వ్యాయామం. గుండె వారాల్లో, ఎముకలు, టెండాన్లు నెలల్లో అలవాటుపడతాయి. కాబట్టి ఆయాసం తగ్గిందన్న ఒక్క కారణంతో వేగం పెంచకూడదు. ఒకే దూరం ఒక్కొక్కరికి ఒక్కో భారం. ఆ భారాన్ని సమయం, శ్రమ అంకెల లబ్ధంగా లెక్కించవచ్చు. ఎక్కువ పరుగు మాట్లాడగలిగే వేగంలో సాగాలి. వయసు పెరిగేకొద్దీ విరామం, కండర వ్యాయామం, సమతుల్య వ్యాయామాల ప్రాధాన్యం పెరుగుతుంది.

7.10 కీలక పదాలు

శిక్షణ భారం: పరుగు సమయాన్ని శ్రమ అంకెతో గుణించగా వచ్చే విలువ.
మాట పరీక్ష: పరుగెత్తుతూ మాట్లాడగలగడాన్ని బట్టి శ్రమను అంచనా వేసే పద్ధతి.
టెండాన్: కండరాన్ని ఎముకతో కలిపే గట్టి కణజాలం.
తోడు పరుగరి: చూపు లేని క్రీడాకారులకు దారి చూపుతూ వెంట పరుగెత్తే వ్యక్తి.

7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. (3 × 40 × 3) + (25 × 8) = 360 + 200 = 560.
2. మొత్తం 145 నిమిషాల్లో 120 నిమిషాలు తేలిక పరుగు. సుమారు 83 శాతం.

7.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. శిక్షణకు శరీర భాగాలు వేర్వేరు వేగాలతో అలవాటుపడటాన్ని వివరించి, ప్రణాళికపై దాని ప్రభావాన్ని చర్చించండి.
2. మీ ఇంట్లోని వేర్వేరు వయసుల ఇద్దరికి ఎనిమిది వారాల పరుగు ప్రణాళిక తయారుచేసి, వాటి మధ్య తేడాలకు కారణాలు రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మాట పరీక్ష ప్రయోజనాలు తెలపండి.
2. గరిష్ఠ గుండె వేగాన్ని అంచనా వేసే సూత్రాల పరిమితులు ఏమిటి?
3. సహజమైన కండర నొప్పికి, గాయాన్ని సూచించే నొప్పికి గల తేడాలు రాయండి.