టైపు చేసిన సూత్రాన్ని భద్రంగా లెక్కించడం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పైథాన్‌లోని ఇవాల్ ఫంక్షన్ ఏం చేస్తుందో, దానిలో ప్రమాదం ఎక్కడుందో వివరించగలుగుతారు.
• వినియోగదారు ఇచ్చిన సూత్రాన్ని ముందుగా పరిశీలించి, ఆ తరువాతే లెక్కించే పద్ధతిని చెప్పగలుగుతారు.

1. పరిచయం

మిర్యాలగూడ రైసు మిల్లులకు పేరు. అక్కడి ఒక మిల్లుకు మీరు లెక్కల ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. రైతు తెచ్చిన బస్తాలు, క్వింటాలు ధర, హమాలీ ఖర్చు తీసుకుని, రైతుకు ఎంత చెల్లించాలో అది చెప్పాలి. హమాలీ, తరుగు లెక్కకట్టే తీరు సీజనును బట్టి మారవచ్చు. మారినప్పుడల్లా మీరు కోదాడ నుంచో సూర్యాపేట నుంచో వచ్చి ప్రోగ్రాం సరిచేయలేరు. అందుకని గుమాస్తాయే సూత్రాన్ని టైపు చేసుకునే వీలు కల్పించారు. ఆయన ఇలా టైపు చేశాడు:

బస్తాలు * 40 / 100 * ధర - బస్తాలు * హమాలీ

పైథాన్ 3లో చలరాశుల పేర్లు తెలుగులో ఉండవచ్చు. కాబట్టి ఇది సరైన పైథాన్ వాక్యమే. 40 కిలోల బస్తాలు 120, ధర 2,320 రూపాయలు (2024-25లో గ్రేడ్ ఎ వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర), బస్తాకు హమాలీ 5 రూపాయలు అనుకుంటే, 1,11,360 నుంచి 600 పోగా 1,10,760 రూపాయలు వస్తుంది.

2. ఇవాల్‌తో వచ్చే ప్రమాదం

సూత్రాన్ని ఇవాల్ ఫంక్షన్‌కు అందిస్తే ఒక్క వరుసలో జవాబు వస్తుంది. అయితే ఇవాల్‌కు లెక్క, ఆజ్ఞ అనే తేడా తెలియదు. స్ట్రింగ్‌లో ఏ పైథాన్ వ్యక్తీకరణ ఉన్నా దాన్ని అమలు చేస్తుంది. సూత్రం ఉండాల్సిన చోట ఫైలును చెరిపే ఫంక్షన్ పిలుపు రాస్తే, రైతుల ఖాతాలున్న ఫైలు పోతుంది. అది కూడా మీ ప్రోగ్రాంకు ఉన్న అనుమతులతోనే జరుగుతుంది.

పైథాన్ 2లో ఇన్‌పుట్ ఫంక్షన్ సైతం, టైపు చేసినదాన్ని ఇలాగే అమలు చేసేది. 2008లో విడుదలైన పైథాన్ 3లో దాన్ని మార్చారు. ఇప్పుడది టైపు చేసినదాన్ని స్ట్రింగ్‌గా మాత్రమే ఇస్తుంది.

3. సరిపోని జాగ్రత్తలు

చెడ్డ పదాలను వెతికి తొలగించడం చాలామందికి మొదట తోచే ఉపాయం. కానీ ఒకే పనిని పైథాన్‌లో అనేక విధాలుగా రాయవచ్చు. మీ జాబితాలో లేని దారి ఒకటి మిగిలే ఉంటుంది.

అంతర్నిర్మిత ఫంక్షన్లేవీ అందకుండా ఇవాల్‌ను పిలవడం రెండో ఉపాయం. ఇదీ చాలదు. ఒక ఖాళీ టపుల్ చేతిలో ఉంటే చాలు, దాని నుంచి దాని క్లాసుకు, అక్కడి నుంచి మూల క్లాసుకు, దాని నుంచి మెమరీలో ఉన్న ఇతర క్లాసులన్నిటికీ వెళ్లవచ్చు. తలుపు మూసినా కిటికీ తెరిచే ఉందన్నమాట.

4. సరైన పద్ధతి

ఏది కూడదో కాక, ఏది చెల్లుతుందో జాబితా రాసుకోండి. ఆ తరువాత ఈ క్రమం పాటించండి.

(అ) సూత్రం పొడవుకు పరిమితి పెట్టండి. ఉదాహరణకు 200 అక్షరాలు.

(ఆ) ఏఎస్టీ మాడ్యూల్‌లోని పార్స్ ఫంక్షన్‌తో సూత్రాన్ని సింటాక్స్ ట్రీగా మార్చండి. ఈ దశలో సూత్రంలోని ఏదీ అమలు కాదు.

(ఇ) ట్రీలోని ప్రతి నోడ్‌నూ చూడండి. సంఖ్యలు, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, బస్తాలు, ధర, హమాలీ అనే మూడు పేర్లు మాత్రమే చెల్లుతాయి. ఫంక్షన్ పిలుపు గానీ, చుక్క పెట్టి లోపలి గుణాన్ని అడగడం గానీ కనిపిస్తే సూత్రాన్ని తిరస్కరించండి.

(ఈ) అన్నీ సరిపోతేనే, ట్రీ వెంట నడుస్తూ మీ ఫంక్షనే విలువ కట్టాలి. సున్నాతో భాగించే సందర్భాన్ని కూడా చూసుకోండి.

ఘాతాన్ని జాబితాలో ఎందుకు చేర్చలేదో గమనించారా? 9 ** 9 ** 9 చూడటానికి చిన్నదే. దాని విలువలో దాదాపు 37 కోట్ల అంకెలుంటాయి. దాన్ని లెక్కించబోతే ప్రోగ్రాం అక్కడే నిలిచిపోతుంది.

5. అసలు సూత్రం అవసరమా?

మారేది ధర, హమాలీ వంటి అంకెలే అయితే సూత్రాన్ని ప్రోగ్రాంలోనే ఉంచి, అంకెలను మాత్రం ఫైలు నుంచి చదవండి. [2300, 2320] వంటి జాబితాను చదవడానికి ఏఎస్టీ మాడ్యూల్‌లోని లిటరల్ ఇవాల్ ఉంది. అది సంఖ్యలు, స్ట్రింగులు, జాబితాలు, డిక్షనరీల వంటి విలువలనే స్వీకరిస్తుంది. 40 * 2 ఇచ్చినా దోషం చూపుతుంది. అయితే అతి పెద్ద స్ట్రింగ్ ఇస్తే మెమరీ చాలక ప్రోగ్రాం ఆగిపోవచ్చు. కాబట్టి పొడవు పరిమితి ఇక్కడా అవసరమే.

సారాంశం

బయటి నుంచి వచ్చిన పాఠ్యం సమాచారమే, ఆజ్ఞ కాదు. దాన్ని ముందు విడదీసి, చెల్లేవాటి జాబితాతో పోల్చి, ఆ తరువాతే లెక్కించాలి. గుమాస్తా నమ్మకస్తుడే కావచ్చు; కానీ ఆ కంప్యూటరు ముందు రేపు ఎవరు కూర్చుంటారో మీకు తెలియదు.

స్వయం పరీక్ష ప్రశ్నలు

1. బస్తాలు * ధర ** 2 అనే సూత్రాన్ని పై పద్ధతి ఏ దశలో, ఎందుకు తిరస్కరిస్తుంది?
2. తరుగు అనే కొత్త పేరును అనుమతించాలంటే ఏ దశలో మార్పు చేయాలి? విలువ కట్టే ఫంక్షన్‌కు అదనంగా ఏం అందించాలి?