పైన చేతులు కలిపి, లోపల చెయ్యిచ్చాడట!

ఎన్నికలు దగ్గరపడితే నార్కట్‌పల్లి చౌరస్తా టీకొట్ల దగ్గర టికెట్ దక్కని నాయకుడి మీద ఒక మాట తప్పకుండా పుడుతుంది. ‘సారు మీటింగుల చెయ్యి పట్టి లేపిండు గనీ, రాత్రి ఫోన్ జేసి అవతలి గుర్తుకు గుద్దుమన్నడట.’ ఫోన్ ఎవరికొచ్చింది? చెబుతున్నవాడికి కాదు, వాడి బామ్మర్దికీ కాదు. బామ్మర్ది దోస్తుకు!

నవ్వి ఊరుకోవచ్చు గానీ, దీన్ని నమ్మిన కార్యకర్త పోలింగు నాడు ఇంట్లో పడుకుంటాడు. పొద్దున మాక్ పోలింగుకు ఏజెంటు ఉండడు, సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం నకలు తీసుకునేవాడూ ఉండడు. ద్రోహి ముద్ర మాత్రం ఆ పడుకున్నవాడికే. టికెట్ పోరులో ఓడిన పెద్దమనిషికి ఏదో ఒక పదవి ఎలాగూ దొరుకుతుంది.

మన నకిరేకల్ నియోజకవర్గమే చూడండి. 2018లో టీఆర్ఎస్ అభ్యర్థి వేముల వీరేశాన్ని కాంగ్రెస్ తరఫున చిరుమర్తి లింగయ్య ఓడించారు. ఆయన వెనుక నిలబడింది మన నార్కట్‌పల్లి మండలంలోని బ్రాహ్మణవెల్లెంల కోమటిరెడ్డి సోదరులు. మరుసటి ఏడే లింగయ్య కారెక్కి టీఆర్ఎస్‌లో చేరారు. 2023లో వీరేశం కాంగ్రెస్‌లోకి వచ్చారు. ఎవరిని ఓడించమని ఊరూరా తిరిగారో ఆయన్నే గెలిపించమని ఆ సోదరుల్లో అన్న వెంకట్‌రెడ్డి అడగాల్సి వచ్చింది. అప్పుడూ గుసగుసలకు కొదవ లేదు. ఫలితం? వీరేశం 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. కాంగ్రెస్ గాలి ఉంది, కాదనను. కానీ లోపాయికారీగా ఎదురు పనిచేస్తే అంత మెజారిటీ ఏ చెట్టుకు కాస్తుంది?

2024 భువనగిరి లోక్‌సభ ఎన్నికల్లో చామల కిరణ్‌కుమార్‌రెడ్డికి టికెట్ వచ్చినప్పుడూ అదే పాట. ఆయన రేవంత్‌రెడ్డి మనిషి కాబట్టి కోమటిరెడ్డి సోదరులు ముంచుతారన్నారు. 2 లక్షలు దాటిన మెజారిటీ వచ్చాక ఆ జ్యోతిష్కులు ఎటు పోయారో!

అసలు సంగతి ఫారం 20లో ఉంటుంది. అందులో ఏ బూత్‌లో ఎవరికెన్ని ఓట్లో లెక్క తేలిపోతుంది. సొంతూరి బూత్‌లో పార్టీకి ఓట్లు తగ్గితే అధిష్ఠానం ముందు సమాధానం చెప్పుకోవాల్సింది ఆ నాయకుడే. లెక్క ముందు పంతం నిలవదు. పీసీసీ అధ్యక్ష పదవి రేవంత్‌రెడ్డికి ఇచ్చినప్పుడు, 2021లో, ఇక గాంధీభవన్ గడప తొక్కనన్న వెంకట్‌రెడ్డే 2023 డిసెంబరు 7న అదే రేవంత్ మంత్రివర్గంలో ప్రమాణం చేశారు. ప్రేమ పుట్టిందని నేననను. లెక్క కుదిరింది.

సరే, మునుగోడు మాట ఒప్పుకుంటాను. 2022 నవంబరు 3 ఉప ఎన్నికలో తమ్ముడు రాజగోపాల్‌రెడ్డి బీజేపీ అభ్యర్థి. అన్న వెంకట్‌రెడ్డి కాంగ్రెస్ ఎంపీ, పైగా స్టార్ క్యాంపెయినర్. ఆయన ప్రచారానికే రాలేదు. ఆయన గొంతంటూ ఒక ఆడియో బయటికొచ్చింది, పార్టీ షోకాజ్ నోటీసిచ్చింది. కాంగ్రెస్ అభ్యర్థి పాల్వాయి స్రవంతికి డిపాజిట్ దక్కలేదు. కాకపోతే అక్కడ దాపరికం ఎంత? రాకపోవడం అందరికీ కనబడింది. అంత చేసినా తమ్ముడు గెలిచాడా అంటే అదీ లేదు, టీఆర్ఎస్ గెలిచింది.

ఇష్టం లేనివాడు అలా బయటపడిపోతాడు. అమెరికాలో 2016 రిపబ్లికన్ మహాసభలో టెడ్ క్రూజ్ వేదికెక్కి కూడా ట్రంప్‌కు ఓటేయమని అనలేదు. సభంతా కేకలేసింది. 2008లో పార్టీ టికెట్ పోరులో ఒబామా చేతిలో ఓడిన హిల్లరీ క్లింటన్ మాత్రం డెమోక్రాట్ల సభలో ఆయన్ను ఏకగ్రీవంగా ఎన్నుకోమని తానే ప్రతిపాదించారు. తర్వాత ఆయన ప్రభుత్వంలోనే విదేశాంగ మంత్రి అయ్యారు.

మిగతా అపోహలకు ఇంత స్థలం దండగ. చేతులు కలిస్తే మనసులు కలిసినట్టు కాదు. టికెట్ పోరులో ఓడినవాడి మద్దతు లేకున్నా పార్టీ ఇచ్చిన బీ-ఫారం చెల్లుతుంది. మీ ఓటు ఎటు పడిందో ఏ నాయకుడికీ తెలియదు, బూత్ మొత్తం లెక్కే తెలుస్తుంది. సర్పంచ్ ఎన్నికకైతే పార్టీ గుర్తే ఉండదు, అక్కడ ‘పైనుంచి ఫోన్’ అంటే వినేవాడిదే తప్పు.

ఈసారి ఎవడైనా చెవిలో ఊదితే, పాత ఫారం 20 తెచ్చి చూపించమనండి. ఏజెంటుగా పేరిచ్చినవాళ్లు మాత్రం ఫోన్ల కోసం చూడకండి. మాక్ పోలింగు అసలు పోలింగుకు గంటన్నర ముందే మొదలవుతుంది, అప్పటికి బూత్‌లో ఉండండి.