రంగూన్ సొమ్ము, పంజాగుట్ట మందు

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి చుట్టూ ఉన్న మందుల షాపుల్లో రోజూ అమ్ముడుపోయే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలని డాక్టర్లు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపే మాత్ర. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఈ మందుకి దారివేసిన పరిశోధన నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన చదువు చందాల మీద సాగింది. మద్రాసు వైద్య కళాశాలలో ఉన్నప్పుడు స్నేహితులూ, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తీ ఆదుకున్నారు. ఖద్దరు కట్టాడని సర్జరీ ప్రొఫెసరు కన్నెర్ర చేయడంతో ఎంబీబీఎస్‌కి బదులు అంతకంటే తక్కువ పట్టా ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. అయినా 1920ల మొదట్లో బోస్టన్‌కి ఓడెక్కగలిగాడంటే, మామగారు కూడబెట్టిన డబ్బుకి తోడు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటివ్వడం వల్లే. రంగూన్‌లో వ్యాపారం చేసి గడించింది ధర్మానికి రాసిచ్చిన మనిషి ఆ నాయకర్. ఆ డబ్బు ఎవరి చదువుకి చేరుతుందో, ఏ మందుగా తిరిగొస్తుందో ఆయనకేం తెలుసు! అయినా అది చాలలేదు. సుబ్బారావు అక్కడ రాత్రిళ్లు ఆసుపత్రిలో చాకిరీ చేసి చదువుకున్నాడు.

ఆ మాటకొస్తే నిమ్స్ పుట్టుకా దానంతోనే. ఏడో నిజాం ధర్మనిధి డబ్బుతో వెలిసిన ఎముకల ఆసుపత్రే తర్వాత నిమ్స్ అయింది. 1980ల్లో ఎన్టీఆర్ పిలుపుతో అమెరికా నుంచి వచ్చి దాన్ని నిలబెట్టిన కాకర్ల సుబ్బారావు, ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాకు తొలి అధ్యక్షుడు కూడా. ప్రవాస వైద్యుల ఔదార్యానికి కొదవ లేదు. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన గవిని ఉమ 2022లో అక్కడి ప్రభుత్వాసుపత్రికి 20 కోట్ల రూపాయలు ఇచ్చేశారు. గొప్ప దానం. కానీ మన దాతల్లో ఎక్కువమంది చూపు భవనం మీదే ఉంటుందన్నది నా ఫిర్యాదు. గోడకి శిలాఫలకం అతుకుతుంది, విద్యార్థి మెస్ బిల్లుకి అతకదు కదా!

ఎంబీబీఎస్ సీటొచ్చాక డబ్బెందుకు అనుకునేవాళ్లున్నారు. తెలంగాణలో కన్వీనర్ కోటా సీటుకి ప్రభుత్వ కాలేజీలో ఏడాదికి 10 వేలు, ప్రైవేటులో 60 వేలు ఫీజు. మేనేజ్‌మెంట్ కోటా అయితే లక్షల్లోనే లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద అండే. అయితే బకాయిలు పేరుకుపోతే ఆ బరువు పిల్లల మీదే పడుతుంది. పైగా హాస్టలు, మెస్సు, ఏప్రను, స్టెతస్కోపు, చౌరాసియా అనాటమీ పుస్తకాలు, సీనియర్ల దగ్గర కొనే పాత బోన్ సెట్టు! ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల చదువు. కూలీ కూతురికి సీటొచ్చిందని పేపర్లో పడగానే మొదటి ఏడాది ఫీజు కట్టేవాళ్లు చాలామంది. మూడో ఏడు వచ్చేసరికి ఆ వార్త ఎవరికీ గుర్తుండదు.

ఇంకో సంగతి. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ హాస్టళ్లలో సాఫ్ట్‌వేర్ కోర్సుల పిల్లల మధ్యే నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులూ తలదాచుకుంటారు. నిమ్స్‌లో ఎంబీబీఎస్ లేదు గానీ ఆ రెండు కోర్సులూ ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత రోగిని లేపి నడిపించేది వాళ్లే. వాళ్లకి సీటొస్తే మాత్రం ఏ పేపరూ ఫొటో వేయదు, ఏ దాతా వాకబు చేయడు.

మీరు గనక ఇవ్వదలిస్తే, ఒక్క విద్యార్థినే తీసుకోండి, చివరి ఏడాది దాకా వదలకండి. ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకి కట్టండి. మెస్ డబ్బు నెలనెలా పంపండి. వేదిక ఎక్కించి చెక్కు చేతికిచ్చి ఫొటో మాత్రం తీయించకండి.