గోదావరి డెల్టాలో విద్యుత్ ద్విచక్రవాహనాలు: నిపుణ సిబ్బంది సమస్య - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

విద్యుత్ ద్విచక్రవాహనం కొనుగోలుదారుని ఇంటికి చేరేవరకు జరిగే ప్రయత్నం ఒక ఎత్తు, ఆ తరువాత అది ఏళ్ల తరబడి నమ్మకంగా నడవడం మరొక ఎత్తు. ఈ రెండవ దశకు అవసరమైన సాంకేతిక నిపుణులు, వాహనాన్ని నిజాయితీగా వివరించి అమ్మగల విక్రేతలు చిన్న పట్టణాల్లో సులభంగా దొరకడం లేదు. గోదావరి డెల్టాను ఆధారంగా తీసుకొని ఈ కొరతకు గల కారణాలను, స్థానిక ప్రకృతి పరిస్థితులు పనిపై చూపే ప్రభావాన్ని, శిక్షణ వ్యవస్థ పరిమితులను, ఈ ప్రాంతంలో ఇప్పటికే ఉన్న నైపుణ్యాలను వినియోగించుకొనే మార్గాలను విశ్లేషించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: విద్యుత్ వాహనాలు, గోదావరి డెల్టా, వృత్తినైపుణ్యం, బ్యాటరీ భద్రత, ఐ.టి.ఐ. శిక్షణ, వృత్తిపరిభాష.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఉభయగోదావరి జిల్లాల భూభాగం ప్రధానంగా తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాలుగా మారింది. జిల్లాలు మారినా డెల్టా జీవనంలో మోటారు సైకిలు స్థానం మారలేదు. కాలువగట్ల మీదుగా పొలానికి, చెరువుకు, సంతకు, కళాశాలకు వెళ్లేవారికి అదే ప్రధాన వాహనం. సమతలమైన నేల, దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్లు, రోజుకు 30-40 కిలోమీటర్లు మించని ప్రయాణాలు విద్యుత్ వాహనానికి అనుకూలమైన పరిస్థితులు.

కేంద్ర ప్రభుత్వం 2015లో ఫేమ్ పథకాన్ని, 2019 ఏప్రిల్ నుండి దాని రెండవ దశను, 2024 అక్టోబరు నుండి పి.ఎం. ఇ-డ్రైవ్ పథకాన్ని అమలు చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో విద్యుత్ వాహన విధానాన్ని ప్రకటించింది. ఈ పథకాలలో కొనుగోలు రాయితీకి లభించిన ప్రాధాన్యం మరమ్మతు చేసే మనిషికి లభించలేదు. పైగా ద్విచక్రవాహనాలపై రాయితీ క్రమంగా తగ్గుతూ వచ్చింది. 2021 జూన్‌లో కిలోవాట్-అవర్‌కు 15,000 రూపాయలుగా ఉన్న రాయితీ 2023 జూన్‌లో 10,000కు, 2024 ఏప్రిల్‌లో 5,000కు దిగింది. రాయితీ తగ్గినకొద్దీ వాహనం అమ్ముడుపోవడానికి దాని మన్నిక, అమ్మకం తరువాతి సేవ మాత్రమే ఆధారాలవుతాయి. అందువల్ల సిబ్బంది సమస్యే ఇప్పుడు ఈ రంగపు మూల సమస్య అయింది.

2. పనిలో వచ్చిన మార్పు:

పెట్రోలు బండి మెకానిక్కు చెవితో వింటాడు, చేత్తో తడుముతాడు. ఇంజను శబ్దం, పొగ రంగు, క్లచ్ జారుడు అతనికి రోగలక్షణాలు. విద్యుత్ వాహనంలో ఇంజను ఆయిలు, కార్బురేటరు, స్పార్క్ ప్లగ్గు, క్లచ్ ఉండవు. వాటి స్థానంలో బ్యాటరీ, బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (బి.ఎం.ఎస్.), కంట్రోలరు, బ్రష్‌లు లేని మోటారు, చార్జరు, వీటిని కలిపే వైరింగు ఉంటాయి. ఇక్కడ లోపం ఎక్కువగా చెవికి వినిపించదు, కంటికి కనిపించదు. మల్టీమీటరుతో కొలిచి, కంట్రోలరు చూపే సంకేతాన్ని చదివి, ఒక్కొక్క కారణాన్ని తోసిపుచ్చుకుంటూ వెళ్లాలి. అనుభవంతో ఊహించే పద్ధతి నుండి కొలిచి నిర్ధారించే పద్ధతికి మారడమే ఈ వృత్తిలో వచ్చిన అసలు మార్పు.

ఒక ఉదాహరణ చూడవచ్చు. మార్కెట్టులో ‘60 వోల్టుల బ్యాటరీ’ అని పిలిచేవన్నీ ఒకటి కావు. నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం సెల్లులు 17 వరుసగా కలిపితే పూర్తి చార్జింగు 71.4 వోల్టులు. లిథియం-ఐరన్-ఫాస్ఫేట్ రకం సెల్లులు 20 కలిపితే 73 వోల్టులు. రెండవదాని చార్జరును మొదటిదానికి తగిలిస్తే ఒక్కొక్క సెల్లుపై 4.2 వోల్టులకు బదులు దాదాపు 4.29 వోల్టులు పడతాయి. దీనిని ఆపవలసినది బి.ఎం.ఎస్. అది చెడిపోయి ఉన్నా, ఎవరైనా దానిని తప్పించి వైరు కలిపినా ప్రమాదానికి దారి తెరుచుకుంటుంది. చార్జరు పిన్ను సరిపోయింది కదా అని తగిలించే సిబ్బందికీ, చార్జరుపై రాసిన అంకెను చదివే సిబ్బందికీ మధ్య తేడా ఇక్కడ తెలుస్తుంది.

2022 ఏప్రిల్‌లో కొద్దిరోజుల వ్యవధిలో నిజామాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మరణించారు. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇటువంటి ప్రమాదాల తరువాత బ్యాటరీ భద్రతా ప్రమాణమైన ఎ.ఐ.ఎస్.-156ను సవరించి, 2022 డిసెంబరు 1 నుండి, 2023 మార్చి 31 నుండి రెండు దశల్లో అమలుకు తెచ్చారు. ప్రమాణం కర్మాగారం దగ్గర బ్యాటరీని పరీక్షిస్తుంది. మూడేళ్ల తరువాత ఊళ్లో దానిని విప్పే చేతిని అది పరీక్షించలేదు.

3. డెల్టా పరిస్థితులు - ప్రత్యేక పరిజ్ఞానం:

శిక్షణ పాఠాలు సాధారణంగా దేశమంతటికీ ఒకే విధంగా ఉంటాయి. గోదావరి డెల్టాలో పనిచేసేవారికి అదనంగా మూడు విషయాలు తెలియాలి.

మొదటిది ఎండ. రాజమహేంద్రవరంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా చేరుతుంది. సాధారణ లిథియం సెల్లును చార్జి చేయడానికి అనుమతించే గరిష్ఠ ఉష్ణోగ్రత కూడా ఇంచుమించు అంతే. మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండిని తెచ్చి వెంటనే చార్జింగు పెడితే బి.ఎం.ఎస్. నిరాకరించవచ్చు. దానిని ‘చార్జరు పాడైంది’ అని పొరబడి కొత్తది అంటగట్టడం అవగాహన లోపం. బండిని గంటసేపు నీడన ఉంచమని చెప్పడం నైపుణ్యం.

రెండవది ఉప్పుగాలి. అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ వంటి తీరప్రాంతాల్లో కనెక్టర్లకు త్వరగా చిలుము పడుతుంది. కనెక్టరులో నిరోధం 0.01 ఓము మాత్రమే పెరిగినా, 60 ఆంపియర్ల కరెంటు పారేటప్పుడు అక్కడ 36 వాట్ల వేడి పుడుతుంది. అది ప్లాస్టిక్ తొడుగును కరిగించడానికి చాలు. తీరప్రాంతపు బండికి కనెక్టర్ల తనిఖీ సర్వీసులో మొదటి పని కావాలి.

మూడవది నీరు. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు లంకగ్రామాల జ్ఞాపకంలో ఉన్నవే. బ్యాటరీలపై కనిపించే ఐ.పి.67 గుర్తుకు అర్థం ఒక మీటరు లోతు మంచినీటిలో అరగంట తట్టుకోవడం. రోజుల తరబడి వరదనీటిలో నానిన బ్యాటరీకి ఆ హామీ వర్తించదు. అటువంటి బ్యాటరీని ఆరబెట్టి చార్జింగు పెట్టడం ప్రాణాంతకం. దానిని ఇళ్లకు దూరంగా, ఆరుబయట ఉంచి తయారీదారుకు అప్పగించాలి. వరద తగ్గిన వారంలో ఈ మాట చెప్పగల మనిషి ప్రతి మండలంలోనూ ఉండటం ప్రజాభద్రతకు సంబంధించిన విషయం.

4. విక్రేతకు కావలసిన అర్హత:

విక్రయ సిబ్బందికి మాటకారితనం చాలుననే అభిప్రాయం ఈ రంగానికి నష్టం కలిగిస్తోంది. కొనుగోలుదారు అడిగే మొదటి ప్రశ్న ‘కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?’ అన్నది. దీనికి సమాధానం చెప్పాలంటే విద్యుత్ చార్జీల శ్లాబులు తెలియాలి. రాష్ట్రంలో గృహవినియోగానికి 76-125 యూనిట్ల మధ్య యూనిట్ 4.50 రూపాయలు, 126-225 మధ్య 6 రూపాయలు. నెలకు 110 యూనిట్లు వాడే కుటుంబం రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే విద్యుత్ స్కూటరును కొన్నదనుకుంటే, చార్జింగు నష్టాలతో కలిపి నెలకు సుమారు 41 యూనిట్లు అదనమవుతాయి. అందులో 15 యూనిట్లు మొదటి ధరకు, 26 యూనిట్లు రెండవ ధరకు వస్తాయి. ఇతర చార్జీలు మినహా అదనపు ఖర్చు దాదాపు 224 రూపాయలు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు బండికి అదే ప్రయాణానికి 24 లీటర్లు, అంటే లీటరు 109 రూపాయల చొప్పున సుమారు 2,600 రూపాయలు కావాలి. ఈ లెక్క కాగితంపై వేసి చూపగల విక్రేత అబద్ధం చెప్పవలసిన అవసరం ఉండదు.

రెండవ విషయం చట్టం. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ మినహా బరువు 60 కిలోలకు మించకుండా ఉన్న వాహనాలకే రిజిస్ట్రేషను, లైసెన్సు నుండి మినహాయింపు ఉంది. అంతకు మించిన బండిని ‘లైసెన్సు అక్కర్లేదు’ అని అమ్మినా, అమ్మిన తరువాత వేగపరిమితిని తొలగించి ఇచ్చినా, ప్రమాదం జరిగిన రోజున బీమా లేక నష్టపోయేది కొనుగోలుదారే. మూడవది ఇంటి వైరింగు. ఎర్తింగు లేని పాత ఇళ్లలో చార్జింగు పాయింటును ముందుగా తనిఖీ చేయించడం కూడా అమ్మకంలో భాగమే.

5. శిక్షణ వ్యవస్థ - పరిమితులు:

కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ జనరల్ ఐ.టి.ఐ.లలో ‘మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్’ అనే రెండేళ్ల ట్రేడును ప్రవేశపెట్టింది. ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ స్వల్పకాలిక కోర్సులకు ప్రమాణాలు రూపొందించింది. 1946లో ఏర్పడిన కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ వంటి సంస్థలతో ఈ ప్రాంతానికి సాంకేతిక విద్యలో దీర్ఘకాల సంప్రదాయమూ ఉంది.

అయినా మూడు అడ్డంకులు కనిపిస్తాయి. ఐ.టి.ఐ. ట్రేడుకు పదవ తరగతి అర్హత. మెకానిక్ షెడ్డులో చిన్ననాడే చేరి పని నేర్చినవారిలో చాలామందికి అది ఉండదు. శిక్షణ పొందిన యువకులకు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై కర్మాగారాల్లో లభించే జీతం మండలకేంద్రంలోని షోరూమ్ ఇవ్వలేదు. ఇక ఊళ్లో మిగిలిన మెకానిక్కుకు తయారీ సంస్థల సాఫ్ట్‌వేరు, విడిభాగాలు అందవు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ ప్రయత్నంలో మోటారు వాహనాల రంగం ఉన్నప్పటికీ, అది సమాచారం ఇవ్వడానికే గాని స్వతంత్ర మెకానిక్కు చేతికి పరికరాన్ని ఇవ్వడానికి ఉద్దేశించింది కాదు.

వీటికి తోడు ఒక ఆర్థిక చిక్కు ఉంది. ఒక షోరూమ్ 200 బండ్లు అమ్మిందని, ఒక్కొక్కటి ఏడాదికి మూడుసార్లు సర్వీసుకు వచ్చిందని అనుకుందాం. మొత్తం 600 సర్వీసులు. 300 పనిదినాలకు పంచితే రోజుకు రెండు. ఆయిలు మార్పు వంటి నిత్యాదాయం లేని ఈ రెండు సర్వీసులతో ఒక నిపుణునికి పూర్తి జీతం రాదు. అందువల్ల యజమాని తక్కువ జీతానికి అరకొర శిక్షణ ఉన్నవారిని పెట్టుకుంటాడు. మరమ్మతు ఆలస్యమవుతుంది, బండికి చెడ్డపేరు వస్తుంది, అమ్మకాలు తగ్గుతాయి, జీతం ఇవ్వగల శక్తి మరింత తగ్గుతుంది. నిపుణుల కొరతకు మూలం జనాభాలో నైపుణ్యం లేకపోవడం కన్నా ఈ విషవలయమే అనడం సమంజసం.

6. స్థానిక నైపుణ్య వనరులు:

నిపుణుల అన్వేషణ సాధారణంగా పెట్రోలు బండ్ల మెకానిక్కుల దగ్గరే ఆగిపోతోంది. డెల్టాలో అంతకన్నా దగ్గరి నైపుణ్యాలున్నాయి. భీమవరం, ఆకివీడు, పాలకొల్లు పరిసరాల రొయ్యల చెరువుల్లో ఏరియేటరు రాత్రిపూట ఆగిపోతే నీటిలో ఆక్సిజన్ తగ్గి తెల్లవారేసరికి పంట నష్టపోతుంది. ఈ ఒత్తిడిలో పనిచేసే మోటారు వైండింగు కార్మికులకు మూడు ఫేజుల చుట్టలు, ఇన్సులేషను పరీక్ష, బేరింగుల పని బాగా తెలుసు. విద్యుత్ స్కూటరు మోటారులోనూ ఉన్నవి మూడు ఫేజుల చుట్టలే. ఇన్వర్టరు బ్యాటరీల దుకాణదారులకు లెడ్-యాసిడ్ బ్యాటరీలపై పట్టు ఉంది. సెల్‌ఫోను రిపేరు చేసేవారికి సోల్డరింగు, సాఫ్ట్‌వేరు ఎక్కించడం అలవాటు.

ప్రతివారికీ ఒక లోటు కూడా ఉంది. వైండింగు కార్మికునికి కంట్రోలరు, బ్రేకుల పరిజ్ఞానం కావాలి. ఇన్వర్టరు దుకాణదారు లెడ్-యాసిడ్ అలవాటును లిథియానికి వర్తింపజేయకూడదు. సెల్‌ఫోను నిపుణునికి అధిక కరెంటు ప్రమాదం తెలియాలి. పెట్రోలు మెకానిక్కుకు కొలత పరికరాలు అలవాటు కావాలి. అందరికీ ఒకే పాఠ్యక్రమం కాక, ఎవరి లోటును వారికి పూరించే చిన్నచిన్న వంతెన కోర్సులు అవసరం. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలోని పూర్వానుభవ గుర్తింపు విధానం ద్వారా చదువు తక్కువ ఉన్నవారికీ ధ్రువపత్రం ఇవ్వవచ్చు. నాలుగైదు షోరూములు కలిసి ఒక సంచార నిపుణుని నియమించుకుంటే జీతపు చిక్కు కూడా తీరుతుంది.

7. పరిభాష:

శిక్షణ సామగ్రి ప్రధానంగా ఆంగ్లంలో ఉండటం మరొక అవరోధం. ‘చార్జింగు ఎక్కడం లేదు’, ‘బ్యాటరీ తొందరగా దిగిపోతోంది’, ‘పికప్పు లేదు’ అని వాహనదారు చెప్పే మాటలకు, కంట్రోలరు చూపే దోషసంకేతాలకు మధ్య వంతెన తెలుగులోనే కట్టాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం ఇటువంటి కృషికి మార్గదర్శకం. వాహన మరమ్మతు వృత్తిలో వాడుకలో ఉన్న పదాలను క్షేత్రస్థాయిలో సేకరించి, వాటితోనే శిక్షణ పుస్తకాలు రాయడం భాషాపరిశోధకులు, సాంకేతిక అధ్యాపకులు కలిసి చేయదగిన పని.

8. ముగింపు:

గోదావరి డెల్టాలో విద్యుత్ ద్విచక్రవాహన రంగానికి కొరతగా కనిపిస్తున్న నైపుణ్యం చాలావరకు వైండింగు దుకాణాల్లో, బ్యాటరీ అంగళ్లలో, సెల్‌ఫోను కౌంటర్ల వెనుక విడివిడిగా ఉంది. దానిని గుర్తించి, లోటు పూరించి, గౌరవప్రదమైన వేతనంతో ఒకచోట చేర్చడమే చేయవలసినది. లేనిపక్షంలో రెండు నష్టాలు ఏకకాలంలో జరుగుతాయి. పెట్రోలు బండ్లతో పాటు పాత మెకానిక్కుల జీవనాధారం తగ్గుతుంది, కొత్త బండ్లు అర్హత లేని చేతుల్లో ప్రమాదకరమవుతాయి. ఎండ, ఉప్పుగాలి, వరద అనే మూడింటిని పాఠంగా చేర్చుకున్న స్థానిక శిక్షణ ఈ రెండు నష్టాలనూ నివారించగలదు.