తారు కింద కండెన్సర్

నూరేళ్ల నాటి ఫోర్డ్ మోడల్-టీ చదును రోడ్డు మీద హాయిగా సాగుతూ, ఎత్తు ఎక్కాల్సి రాగానే దమ్ము చాలక కుదుపులు మొదలుపెట్టిందంటే, చాలామంది ముందు కార్బురేటర్‌ను అనుమానిస్తారు. తర్వాత ప్లగ్గులను. ఆ రెండూ విప్పి, కడిగి, బిగించాక కూడా కుదుపు పోకపోతే చూడాల్సింది డ్రైవరు కాళ్ల ముందున్న అడ్డుగోడకు బిగించిన పెట్టెను. అందులో నాలుగు చిన్న చెక్క డబ్బాలుంటాయి. ఒక్కో డబ్బాలో తారు పోసి కప్పేసిన కాగితపు చుట్ట ఒకటి ఉంటుంది. అదే కండెన్సర్. ఇంజన్ విప్పినా కంటపడదు, తిరిగే భాగం కాదు, అరిగేదీ కాదు. అయినా ఈ కారులో ఇంత నమ్మకంగా చెడిపోయే భాగం మరొకటి ఉండదనిపిస్తుంది నాకు.

ఆ డబ్బాల పేరు ట్రెంబ్లర్ కాయిల్. దాని పుట్టుక కారు కంటే చాలా ముందుది. 1836లో ఐర్లండ్‌లోని మేనూత్ కళాశాలలో నికొలస్ కాలన్ అనే మతగురువు ఇనుము చుట్టూ రెండు తీగచుట్లు చుట్టి, చిన్న బ్యాటరీతో పెద్ద వోల్టేజీ పుట్టించాడు. 1850ల మొదట్లో ప్యారిస్‌లో పరికరాలు తయారుచేసే రుమ్‌కోర్ఫ్ దాన్ని అమ్మకానికి పనికొచ్చే యంత్రంగా మలిచాడు. 1853లో ఫిజో దానికి కండెన్సర్ చేర్చాడు. వెలుగు వేగాన్ని భూమి మీదే కొలిచిన ఫిజో ఆయనే. ఆ చిన్న చేర్పుతో కాయిల్ ఇచ్చే నిప్పురవ్వ ఒక్కసారిగా బలపడింది. 1864లో మూడో నెపోలియన్ రుమ్‌కోర్ఫ్‌కు 50,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చాడు. 1860 నాటి లెన్వార్ గ్యాస్ ఇంజన్‌ను మండించింది ఈ కాయిలే. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలోనూ ఇదే పనిచేసింది.

ఫోర్డ్ 1908లో మోడల్-టీ మొదలుపెట్టినప్పుడు సిలిండరుకొకటి చొప్పున నాలుగు కాయిళ్లు పెట్టాడు. వాటికి కరెంటు ఇవ్వడానికి ఫోర్డ్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ హఫ్ ఫ్లైవీల్‌కే పదహారు అయస్కాంతాలు బిగించి మ్యాగ్నెటో తయారుచేశాడు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ బ్యాటరీ అక్కర్లేదు. పల్లెదారుల్లో తిరిగే రైతు బండికి అది పెద్ద వరం. కెటరింగ్ అనే ఇంజనీరు రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 నాటికే క్యాడిలాక్‌లోకి వచ్చినా, ఫోర్డ్ మాత్రం 1927లో ఆఖరి టీ దాకా పాత కాయిళ్లను వదల్లేదు. ఆ కార్లు మొత్తం కోటిన్నర. కండెన్సర్లు లెక్కవేస్తే ఆరు కోట్లు.

పనితీరు చూద్దాం. కామ్‌షాఫ్ట్ చివర తిరిగే రోలర్ ఒక సిలిండరు వంతు రాగానే ఆ కాయిల్‌కు కరెంటు దారి తెరుస్తుంది. కాయిల్ నడుమ ఉన్న ఇనుప తీగల కట్ట అయస్కాంతమై పైనున్న స్ప్రింగు రేకును లాగుతుంది. రేకు కదలగానే కరెంటు దారిని కలిపి ఉంచిన పాయింట్లు విడిపోతాయి, కరెంటు తెగుతుంది, అయస్కాంత క్షేత్రం కూలుతుంది. ఆ కూలడంలో రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గులో రవ్వ పడుతుంది. రేకు వెనక్కి వచ్చి మళ్లీ అదే తంతు. పాత టీ దగ్గర వినిపించే ఝుమ్మనే మోత ఆ రేకులదే.

ఇక్కడే కండెన్సర్ అవసరం. నిండుగా పారుతున్న కాలువకు ఒక్కసారి తలుపు దించితే నీరు గట్టు పొర్లుతుంది. పక్కన గుంట ఒకటి ఉంటే ముందు అందులోకి మళ్లుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో కరెంటూ ఆగనని మొరాయిస్తుంది. కండెన్సర్ లేకపోతే అది పాయింట్ల మధ్య గాలిలోంచే దూకి అక్కడే మండిపోతుంది. క్షేత్రం మెల్లగా కూలుతుంది, ప్లగ్గుకు చేరే వోల్టేజీ పడిపోతుంది. తేలిక నడకలో ఆ బలహీనమైన రవ్వ ఎలాగో సరిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ తెరిస్తే సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, ఆ చిక్కటి వాయువులోంచి రవ్వ దూకాలంటే ఇంకా ఎక్కువ వోల్టులు కావాలి. కుదుపు ఎత్తు మీదే ఎందుకు బయటపడుతుందో ఇప్పుడు తెలుస్తుంది. మన అంబాసిడర్ల కాలంలో మెకానిక్కులు పాయింట్లతో పాటు కండెన్సర్ కూడా మార్చేసేవారు. అక్కడా దాని పని ఇదే.

దోషం ఏ కాయిల్‌దో కనుక్కునే పద్ధతి నాకు ఎంతో ఇష్టం. ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో కాయిల్ రేకును వేలితో నొక్కి పట్టాలి. మంచి కాయిల్ నోరు నొక్కితే ఇంజన్ తడబడుతుంది. నొక్కినా చప్పుడు మారలేదంటే ఆ సిలిండరు అంతకుముందే పనిచేయడం లేదన్నమాట. అప్పుడు ఆ డబ్బాను పీకి పక్కదాని చోట పెట్టి, పక్కదాన్ని దీని చోట పెట్టాలి. జబ్బు డబ్బాతో పాటు పక్క సిలిండరుకు పోతే తప్పు కాయిల్‌ది. ఉన్నచోటే ఉంటే ప్లగ్గు, తీగ, రోలర్ చూడాలి. మీటర్లు లేని కాలంలో రైతులకు ఇంతకంటే నిక్కచ్చి పరీక్ష అక్కర్లేకపోయింది.

కాగితం, పల్చటి లోహపు రేకు, మైనం కలిపి చుట్టిన ఆ పాత కండెన్సర్ వాడకం వల్ల కాదు, వయసు వల్ల చెడుతుంది. ఏళ్ల తరబడి కాగితం తేమ పీలుస్తుంది, రేకుల మధ్య కరెంటు జారడం మొదలవుతుంది. కారును కదల్చకుండా గుడ్డ కప్పి షెడ్డులో దాచినా ఇదే గతి. అందుకే బాగుచేయడమంటే మార్చడమే. డబ్బాకు ఒక పక్క చెక్క పలక ఊడుతుంది. లోపలి తారును చల్లగా, పెళుసుగా ఉన్నప్పుడు ఉలితో పెచ్చులు పెచ్చులుగా లేపాలి. మంట చూపిస్తే పక్కనే ఉన్న సన్నని తీగచుట్ట పాడవుతుంది, అది పోతే డబ్బా మొత్తం పోయినట్టే. పాతది తీసి 0.47 మైక్రోఫారడ్, కనీసం 400 వోల్టులు తట్టుకునే ఫిల్మ్ కండెన్సర్‌ను పాయింట్లకు అడ్డంగా టంకం వేసి, మళ్లీ తారు పోసి పలక మూయాలి. క్షణంలో దూసుకొచ్చే కరెంటును తట్టుకునే రకమే తీసుకోవాలి. నాసిరకం పెడితే కొద్దిరోజులకే మళ్లీ తారు తవ్వుకోవాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అది చాలదు. పైనున్న స్ప్రింగు రేకు బిగువు, పాయింట్ల ఎడం కూడా సరిచేయాలి. రేకును కిందికి నొక్కిపట్టినప్పుడు ఎడం అంగుళంలో 32వ వంతు ఉండాలి. చేతితో తిప్పే పాత పరీక్షా యంత్రం మీద కాయిల్ తీసుకునే కరెంటు 1.3 ఆంపియర్ల దగ్గర నిలవాలి. ఎందుకింత పట్టింపు? కరెంటు మొదలైన క్షణానికీ రవ్వ పడే క్షణానికీ మధ్య రెండు మూడు మిల్లీసెకన్లు గడుస్తాయి. నిమిషానికి 1000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక్క మిల్లీసెకనులో క్రాంక్‌షాఫ్ట్ 6 డిగ్రీలు తిరిగేస్తుంది. ఒక కాయిల్ మిగతావాటి కంటే మిల్లీసెకను వెనుకబడితే దాని సిలిండరు 6 డిగ్రీలు ఆలస్యంగా మండుతుంది. నాలుగు ప్లగ్గుల్లోనూ రవ్వ కనిపిస్తూనే ఉంటుంది, ఇంజన్ మాత్రం వణుకుతూనే ఉంటుంది. రవ్వ కంటికి కనిపిస్తోందని కాయిల్ మంచిదనుకోవడం అందుకే పొరపాటు.

ఈ గొడవంతా ఎందుకని నాలుగు కాయిళ్లూ పీకేసి డిస్ట్రిబ్యూటర్ బిగించేవాళ్లున్నారు. కారు నడుస్తుంది, కాదనను. కానీ ఫ్లైవీల్‌లోని పదహారు అయస్కాంతాలు పనిలేక ఊరికే తిరుగుతాయి, ఆ మోత పోతుంది, నేర్చుకోవడానికి ఉన్నది పోతుంది. తారు లోపల కనిపించని ప్లాస్టిక్ ఫిల్మ్ మాత్రం నా దృష్టిలో తప్పు కాదు. అది ఫిజో చెప్పిన పనే చేస్తోంది, ఇంకా బాగా చేస్తోంది. ఒక్కటి చెడిందని తెలిశాక మిగతా మూడింటిదీ అదే వయసు కాబట్టి నాలుగూ ఒకేసారి మార్చేయాలి. తర్వాత హ్యాండిల్ తిప్పబోయేముందు స్టీరింగ్ ఎడమపక్క స్పార్క్ మీటను పూర్తిగా పైకి జరిపి రవ్వను ఆలస్యం చేయాలి. రవ్వ తొందరగా పడితే హ్యాండిల్ ఎదురుతిరిగి మణికట్టు విరుగుతుంది. బాగుచేసిన కాయిళ్లతో ఆ ప్రమాదం తగ్గదు, రవ్వ బలంగా ఉంటుంది కనుక మరింత జాగ్రత్త కావాలి.