ఎదురుగాలికి పడవ ఎట్లు సాగును?

వర్షకాలమున హుస్సేన్ సాగరుపై గాలి సాధారణముగా పడమటినుండి వీచును. ట్యాంక్‌బండ్‌పై నిలిచి నీటివైపు చూచువాని ముఖమునకే అది తగులును. ఆ వేళ తెరచాప పడవలు కట్టను విడిచి, గాలి వచ్చు దిక్కునకే పోవుచుండుట చూడవచ్చును. ఏఎస్ రావు నగర్ నుండి చూడవచ్చిన విద్యార్థికి, అడుగున మోటారు దాచిరేమో యను అనుమానము కలుగుట సహజము. మోటారేమియు లేదు. పడవను నడుపునది ఆ ఎదురుగాలియే.

తెరచాపను గాలి వెనుకనుండి నెట్టునని మనము తలంతుము. గాలివాలున పోవునపుడు అది నిజమే. గాలికి ఏటవాలుగా ఎదురుపోవునపుడు మాత్రము తెరచాప ఉబ్బి, నిలువుగా నిలిపిన విమానపు రెక్కవలె పనిచేయును. గాలి ఆ వంపు వెంట జారి దిక్కు మారును. తెరచాప గాలిని ఒక ప్రక్కకు మళ్లించినచో, న్యూటన్ మూడవ సూత్రము ననుసరించి గాలి తెరచాపను రెండవ ప్రక్కకు నెట్టవలెను. ఉబ్బిన వైపున పీడనము తగ్గి, లోపలివైపున హెచ్చుగా నుండుట ఈ విషయమునకే మరొక రూపము.

ఇచ్చట ఉపాధ్యాయులకొక మనవి. రెక్క పైన దారి పొడుగు కనుక, అచటి గాలి క్రింది గాలిని చివర కలిసికొనుటకై వేగముగా పోవునని తరచు చెప్పుచుందురు. తెరచాప పలుచని గుడ్డ. దాని రెండు వైపుల పొడవు ఒక్కటే. ఆ వాదమే నిజమైనచో తెరచాపపై బలమే పుట్టరాదు! విడిపోయిన గాలి మరల ఒకే క్షణమున కలియవలెనను నియమము ప్రకృతిలో లేదు. దీనికి బదులు, చెంచాను కొసన వ్రేలాడునట్లు పట్టుకొని, దాని వీపును కొళాయి ధారకు తాకించి చూపుడు. ధార ఒక ప్రక్కకు వంగును; చెంచా దూరముగా పోక ధారలోనికే లాగబడును.

అయితే తెరచాపపై పుట్టు బలము చాలవరకు ప్రక్కకే ఉండును; ముందుకు కొంత మాత్రమే. అందుచే పడవ అడుగున ఒక నిలువు పలకను నీటిలోనికి దింపుదురు. అది ప్రక్కకు జారనీయదు. సీతాఫలపు గింజను రెండు వ్రేళ్లనడుమ నొక్కినచో ముందుకు చిమ్ముకొని పోవును గదా! గాలి ఒక వ్రేలు, నీరు రెండవ వ్రేలు. ఇంత చేసినను నేరుగా గాలిలోనికి పోవుట అసాధ్యము. సుమారు 45 డిగ్రీల కోణమున ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మలుపులు తిరుగుచు పోవలెను. ఒక కిలోమీటరు దూరమునకు నడక సుమారు 1.4 కిలోమీటర్లగును.

హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పందెములలో వాడు లేజర్ పడవ ఒక్కరు నడుపునది. 1996 నుండి ఒలింపిక్స్‌లో నున్నది. పెద్ద రకపు లేజర్ తెరచాప వైశాల్యము 7 చదరపు మీటర్లు. గాలి సెకనుకు 5 మీటర్ల వేగమున నున్నచో దానిపై బలము ఇంచుమించు 100 న్యూటన్లు. వేగము 10 మీటర్లైనచో బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అనగా 400. పడవ ఒరిగిపోవకుండ నావికుడు అంచునుండి వెలుపలికి వెల్లకిల వ్రేలాడును. కాని అతని బరువు పెరగదు గదా! అట్టి గాలిలో తెరచాప తాడును వెంటనే సడలింపవలెను. సాగరు చుట్టునున్న ఎత్తైన భవనములు గాలిని చీల్చి సుడులు పుట్టించును. గాలివిసురు చెప్పి రాదు. కనుక ఆ తాడు చేతిలోనే ఉండవలెను గాని ముడివేయరాదు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలు సైతము హైదరాబాద్ యాట్ క్లబ్‌లో ఈ విద్య నేర్చుకొనుచున్నారు.

గ్రీసు దేశపు పారోస్, నక్సోస్ ద్వీపముల తీరమున వేసవిలో మెల్టెమి యను ఉత్తరపు గాలి వీచును. అక్కడ పడవకు మారు పలకపై నిలిచి తెరచాపను చేతులతో పట్టుకొను క్రీడ మిక్కిలి ప్రసిద్ధము. విండ్‌సర్ఫింగ్ అను ఈ క్రీడ 1984లో ఒలింపిక్స్‌లో చేరినది. ఆ పలకకు చుక్కాని లేదు. తెరచాప కొయ్య అన్ని వైపులకు వంగు కీలుపై నిలుచును. కొయ్యను ముందుకు వంచినచో బలము ముందుభాగమున పడి, పలక ముక్కు గాలినుండి తొలగును. వెనుకకు వంచినచో గాలివైపు తిరుగును.